నడుము తాడు

మా వుంగ్‌కో ఊళ్ళో పిల్లలకు నడక కంటే ముందు ఈత వస్తుంది. ఈత కంటే ముందు తాడు వస్తుంది. మా ఇళ్ళు తెప్పల మీద ఉంటాయి, నాలుగు వైపులా నీళ్ళే. అందుకని బిడ్డ పాకడం మొదలుపెట్టగానే నడుముకు తాడు కట్టి, రెండో కొస ఇంటి స్తంభానికి ముడివేస్తాం. ఆ తాడు బిడ్డను తెప్ప అంచు దాకా పోనిస్తుంది, అంచు దాటనివ్వదు. ఈత వచ్చాక విప్పేస్తాం. మగపిల్లాడి తాడు ఆ తర్వాత బుట్టలు కట్టుకోవడానికి పోతుంది. ఆడపిల్ల తాడును మాత్రం దాచిపెడతాం. దానికి పెళ్ళిరోజున పని ఉంటుంది.

ఒడ్డున ఉండేవాళ్ళకు ఈ తాడంటే నవ్వు. చిన్నప్పుడు మా అమ్మ చేపలమ్మడానికి రేవుకు వెళ్తూ నన్నూ, మా చెల్లెలు హెన్‌నూ పడవలో కట్టేసి తీసుకెళ్ళేది. మెట్ల మీద గంపలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళు మమ్మల్ని చూసి, "కుక్కపిల్లలెంతకిస్తావేమిటే?" అనేవాళ్ళు. అమ్మ నవ్వి ఊరుకునేది. నేను ఊరుకునే రకాన్ని కాదు. ఒకసారి ఒకావిడ గంపలోకి బతికున్న పీతను వదిలాను. ఆవిడ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవులకు తియ్యగానే ఉంది.

నా పేరు మియెన్. పుట్టిందీ పెరిగిందీ ఈ హాలాంగ్ అఖాతం నీళ్ళ మీదే. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో విమానాలెక్కి, ఓడలెక్కి మా కొండలు చూడ్డానికి వస్తారు. నీళ్ళలోంచి నిటారుగా లేచిన సున్నపురాతి కొండలు, ఒకదాని వెనక ఒకటి, కంటికి ఆనినంత దూరం. వాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు, పోతారు. మేం ఆ కొండల మధ్య పళ్ళు తోముకుంటాం. ఏ కొండ వెనక ఏ గాలికి దాక్కోవాలో, ఏ రాయి కింద ఏ నెలలో పీత గుడ్లతో ఉంటుందో మా పిల్లలకు తల్లిపాలతో వస్తుంది. కోడిపుంజు కొండ, గంప కొండ, ముసలమ్మ పన్ను అని పేర్లు పెట్టింది కూడా మా తాతలే. ఇంత గర్వమేమిటి నీకు అంటారేమో. ఉంది మరి, ఎందుకుండకూడదు?

నాకు పిల్లల్లేరు. చెల్లెలు హెన్ కూతురు లువాయే నాకు కూతురు. హెన్ జ్వరంతో పోయేనాటికి లువా నడుముకు తాడు ఇంకా విప్పలేదు. అప్పుడు తెలిసొచ్చింది మాకు, ఇన్ని నీళ్ళుండి మనిషిని పడుకోబెట్టడానికి గుప్పెడు మన్ను లేదని. హెన్ మొగుడు థిన్ ఒడ్డుకు వెళ్ళి నాలుగు ఊళ్ళు తిరిగి చోటడిగాడు. "మీ ఊరేది?" అన్నారు. నీళ్ళ మీద ఉందంటే తలుపులేసుకున్నారు. ఆఖరికి ముసలమ్మ పన్ను కొండ వెనక చాపంత ఇసుక దిబ్బ ఉంటే అక్కడ పెట్టాం. మరుసటేడు తుఫాను వచ్చి ఇసుకంతా ఊడ్చుకుపోయింది. హెన్‌ను కూడా. ఊహ తెలిసినప్పటినుంచీ ఏటా లువా అక్కడికి పడవ వేసుకువెళ్ళి, అగరొత్తులు గుచ్చడానికి మట్టి లేక పడవ ముక్కు మీద చెక్కల సందులో పెట్టి వెలిగిస్తుంది. గాలికి అవి సగంలోనే ఆరిపోతాయి. నాకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

లువా గురించి గొప్ప చెబితే పెంచినదాన్ని కాబట్టి అంటారు. అయినా చెబుతాను. నిలబడి, ఎదురుగా చూస్తూ, రెండు తెడ్లనూ ముందుకు తోస్తూ అది పడవ నడిపితే నీళ్ళు విడిపోయిన చప్పుడు కూడా రాదు. దాని చేతి స్క్విడ్ వడలు తిన్నవాడు ఇంకోచోట స్క్విడ్ వడ ముట్టడు. దియెన్ అలాగే దొరికిపోయాడు. వాడిది ఒడ్డున వరి పండే నామ్‌దిన్ సీమ. రేవులో పడవ ఇంజన్లు బాగుచేయడానికి వచ్చాడు. ఓ రోజు లువా తెడ్డు వేస్తుంటే చూస్తూ చూస్తూ వెనక్కి నడిచి నీళ్ళలో పడ్డాడు. ఇదే జుట్టు పట్టుకుని లాగి పడవలో వేసింది.

"వాణ్ని చేసుకుంటాను పెద్దమ్మా," అంది ఆ తర్వాత కొన్నాళ్ళకు.

"ఈత రానివాణ్నా?"

"నేర్పుతాలే. నాకు నడక వాడు నేర్పుతున్నాడుగా."

నిజమే. మావాళ్ళు ఒడ్డు మీద నడిస్తే కల్లు తాగినవాళ్ళలా తూలుతారు. నేల కదలదు కదా, అది మాకు అలవాటు లేదు.

ఆ ఏడు నాట్లకు ముందు దియెన్ తల్లి గామ్ మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. వెంట పెద్దకొడుకు కువాంగ్. ఆవిడ మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. ఒంటిచేత్తో మళ్ళు దున్నించి ఇద్దరు కొడుకుల్ని పెంచిన మనిషి. మోకాళ్ళు వంగిపోయి, చేతులు పార కర్రల్లా ఉన్నాయి. పడవలో కూర్చున్నంతసేపూ రెండు చేతులతో అంచు పట్టుకుని, బుగ్గన వక్కాకు పెట్టుకుని, కక్కొచ్చేదానిలా ముఖం పెట్టుకుంది.

నేను మాత్రం ఆవిణ్ని దగ్గరదారిన తీసుకురాలేదు. కోడిపుంజు కొండ చుట్టూ తిప్పి, గుహలోంచి దూర్చి, పొద్దు కొండల సందుల్లోంచి పడే చోట ఆపి, చూడమన్నాను. దేశాలవాళ్ళు గుండెల మీద చేతులు వేసుకునే చోటు అది.

గామ్ చూసింది. వక్కాకు నమలడం ఆపలేదు. "అబ్బో, ఎన్ని రాళ్ళో. ఇన్ని రాళ్ళుండి ఒక్క మడి లేదే. వీటి మీద ఏం పండుద్ది వదినా?"

"ఫొటోలు పండుతాయి," అన్నాను.

"తినడానికి?"

"కింద చూడు. నీళ్ళన్నీ మా మళ్ళే. గట్ల తగాదాలుండవు."

ఆవిడ నవ్విందో, కడుపులో తిప్పిందో నాకు అర్థం కాలేదు. మా తెప్ప ఎక్కాక చెప్పులు చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"గుమ్మం ఏదీ?" అంది.

"దేనికి?"

"చెప్పులు విడవడానికి. గుమ్మం లేని ఇల్లు ఇదే చూడ్డం నేను."

అదుగో, అక్కడ గుచ్చుకుంది నాకు. తర్వాత వడలు తింది, బాగున్నాయంది, లువా తల నిమిరింది. ఆ మాటలేవీ నా చెవికెక్కలేదు. గుమ్మం లేని ఇల్లు. ఆ ముక్క ఒక్కటే చేపముల్లులా గొంతులో ఉండిపోయింది.

వెళ్ళేటప్పుడు అడిగింది, "పిల్ల తల్లిని ఎక్కడ పెట్టారు?"

పడవ ఆపి ముసలమ్మ పన్ను వెనక చోటు చూపించాను. రాయి, రాయి కింద నీళ్ళు. ఇసుక పోయిన సంగతి చెప్పాను. గామ్ నమలడం ఆపేసింది. ఆ నీళ్ళకేసి చాలాసేపు చూసి, మొహం అటు తిప్పుకుంది. దిక్కూ దివాణం లేనివాళ్ళతో వియ్యమేమిటా అని అనుకుంటోందని నేననుకున్నాను.

ఇంటికొచ్చి థిన్‌తో అన్నాను, "విన్నావా? మనకి గుమ్మం లేదంట."

"లేదుగా వదినా," అన్నాడు థిన్ వల బాగుచేసుకుంటూ. మా మరిది నోట్లో నాలుక లేనివాడు.

"ఉంది. పెళ్ళిరోజు చూపిస్తా."

"పిల్ల బతుకుతో ఆడకు."

"పిల్ల బతుకు కోసమే," అన్నాను.

మా ఊరికి నిజంగానే గుమ్మం ఉంది. వుంగ్‌కో చుట్టూ కొండలు గోడ కట్టినట్టు ఉంటాయి, లోపలికి రావడానికి ఒకటే సందు. ఆ సందులో నీళ్ళ అడుగున అడ్డంగా పడుకుని ఉంటుంది గుమ్మం బండ. పోటు మీద అది కనపడదు, పడవలు దాని మీదుగా వచ్చిపోతాయి. పాటు వచ్చి నీళ్ళు తగ్గితే నెత్తి పైకి తేలుస్తుంది. అప్పుడు వెదురు పడవలు తప్ప మరేవీ దాటలేవు.

మా పెళ్ళిళ్ళు పున్నమి రోజుల్లోనే జరుగుతాయి. స్క్విడ్‌ను రాత్రిళ్ళు దీపాలు పెట్టి పడతాం, వెన్నెల ఉంటే అది దీపాల దగ్గరికి రాదు, అందరం ఖాళీగా ఉంటాం. మగపెళ్ళివారి పడవ వచ్చే వేళకు ఆ సందుకు అడ్డంగా తాడు కడతాం. పక్కన ఏ తాళ్ళు ముడేసినా సరే, నడిమి ముక్క మాత్రం పెళ్ళికూతురి నడుము తాడే ఉండాలి. ఒక కొస కొండకు కట్టి, రెండో కొస పట్టుకుని పిల్ల తల్లి పడవలో నిలబడుతుంది. తల్లి లేకపోతే తల్లి లాంటిది. ఆవిడ పాటలో మూడు మాటలు అడుగుతుంది, మగపెళ్ళివారు పాటలోనే బదులు చెప్పాలి. మొదటి రెండూ నవ్వులాటకు. మూడోది తాడు పట్టుకున్నదాని ఇష్టం. జవాబు నచ్చితే తాడు వదులుతుంది. గుమ్మం బండ నెత్తి తేలేదాకా వదలకపోతే ఆ సంబంధం లేనట్టే, ఎవరి పడవ వాళ్ళు తిప్పుకోవాలి. అలా తిరిగిపోయిన పడవలు మా అమ్మమ్మ కాలంలో ఉన్నాయంటారు. నేను చూడలేదు.

కోతలు ఇంకా మొదలుకాలేదు, దియెన్ వాళ్ళు వచ్చారు. మోటారు పడవకు ఎర్రగుడ్డలు కట్టారు. ఎర్రటి పళ్ళేల్లో వక్కలు, తమలపాకులు, టీ పొట్లాలు, కాల్చిన పంది, జంట అరిసెల్లాంటి పెళ్ళి తీపులు. వాటి మధ్యన కొత్త చొక్కాలో దియెన్, పక్కన అన్న కువాంగ్, వెనకాల చేతిరుమాలు నోటికడ్డం పెట్టుకుని గామ్. ముందు భాగాన మాత్రం ఎవడో తెల్లబట్టలవాడు, బ్యాటరీ మైకుతో. డబ్బిచ్చి పట్టణం నుంచి తెచ్చుకున్న పాటగాడు. నవ్వొచ్చింది నాకు.

సందులో తాడు చుట్టూ మా ఊరంతా వెదురు పడవల్లో చేరింది. దూరంగా యాత్రికుల ఓడ ఒకటి ఆగిపోయింది, దాని నిండా ఫోన్లెత్తిన చేతులు. చూస్తే చూడనీ అని గొంతు సవరించుకున్నాను.

మొదటిది అడిగాను: మీ పడవలో వచ్చిన నోళ్ళలో పెద్ద నోరెవరిది? పాటగాడు వెంటనే, అది అత్తగారిదే, కానీ అన్నం పెట్టేటప్పుడు మాత్రమే తెరుచుకుంటుంది, అని రాగం తీశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, వాడి గొంతు బాగుంది. రెండోది: పిల్లకు నేల మీద నడక రాదు, పడితే ఎవరు లేపుతారు? అల్లుడు తనే ముందు పడి పరుపవుతాడు, అన్నాడు. దియెన్ చెవులు ఎర్రబడ్డాయి. మావాళ్ళు తెడ్లతో పడవ చెక్కల మీద దరువేశారు.

అప్పుడు మూడోది అడిగాను. నెలల తరబడి నాలో నేను పాడుకున్న పాట అది.

"కొండల నడుమ పుట్టింది, కెరటం మీద పెరిగింది,
కాళ్ళకింద ఏనాడూ గుప్పెడు మన్నెరగనిది,
పిల్లని కోరి వచ్చినోళ్ళు ఒక్క మాట చెప్పిపోండి,
కన్నుమూసిన రోజు దాన్ని ఎక్కడ పడుకోబెడతారు?"

దరువు ఆగిపోయింది. పెళ్ళిలో చావు మాట ఎవరూ ఎత్తరు. నాకు తెలియక కాదు. మా పడవల్లోంచే ఎవరో, "దీనికి మతి పోయింది," అన్నారు.

పాటగాడు మైకు ఇటు చేతిలోంచి అటు చేతిలోకి మార్చుకున్నాడు. నూరేళ్ళు చల్లగా ఉండాలని, బంగారు మేడలని ఏదో అందుకున్నాడు.

"ఆపు నాయనా," అన్నాను. "నీ గొంతుకి దణ్ణం. కానీ చోటిచ్చేది నువ్వు కాదు. వాళ్ళ మనిషి చెప్పాలి."

"నేను చెప్తాను," అన్నాడు దియెన్ లేచి.

"నువ్వూ కాదు అబ్బాయ్. నీకే చోటు ఇంకొకళ్ళు చూపించాలి. ఇంటి పెద్ద చెప్పాలి."

కువాంగ్‌కు కోపం ముక్కు మీదకొచ్చింది. "ఇదేం మర్యాదండీ? శుభమా అని వస్తే శవాల మాటా? ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సింది. పడవ తిప్పవయ్యా."

"తిప్పుకోండి," అన్నాను. "గుమ్మం లేనివాళ్ళం అన్నారుగా. ఇదే మా గుమ్మం. అడిగినదానికి చెప్పకుండా దీన్ని దాటినవాడు లేడు."

నీళ్ళు తగ్గుతున్నాయి. బండ మీది నాచు అలల కింద నల్లగా కనపడుతోంది. ఎవరూ చెప్పకుండానే అందరి చూపులూ దాని మీదే ఉన్నాయి.

వెనకనుంచి తెడ్డు చప్పుడు కూడా లేకుండా ఒక పడవ నా పక్కకొచ్చి ఆగింది. లువా. ఎర్రటి పెళ్ళి బట్టలు మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, పెళ్ళికి చుట్టిన తలపాగా ఒక పక్కకు జారి, తనే తెడ్డు వేసుకుని వచ్చింది.

"తాడు వదులు పెద్దమ్మా."

"లోపలికి పో. పెళ్ళికూతురికిక్కడ పనిలేదు."

"నా పెళ్ళి అది. బండ తేలితే పోయేది నా బతుకు, నీది కాదు. అమ్మ ఉంటే ఇట్టా అడిగేదా?"

"మీ అమ్మకి చోటుంటే నేనూ అడిగేదాన్ని కాదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "నాలుగూళ్ళు తిరిగాడే మీ నాన్న. శవాన్ని పడవలో పెట్టుకుని కూర్చున్నానే నేను, ఒళ్ళో నువ్వు. రేపు నిన్ను కూడా ఎవడైనా మీ ఊరేదని అడిగితే? నేనుండను అప్పుడు. ఇప్పుడే ఉన్నాను, ఇప్పుడే అడుగుతాను."

లువా కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నన్నే చూసింది. తాడు మీద చెయ్యి వేసింది గాని లాగలేదు. థిన్ దూరంగా తన పడవలో తల వంచుకుని కూర్చున్నాడు. భయం వేసింది నాకు. ఒట్టు, చాలా భయం వేసింది. పిల్ల నన్ను జన్మలో క్షమించదని తెలుస్తూనే ఉంది. అయినా చేతులు తాడును వదల్లేదు.

అంతలో మోటారు పడవలో గామ్ లేచి నిలబడింది. నిలబడటమంటే కొడుకు భుజం ఒక చేత్తో, పంది పళ్ళెం అంచు ఇంకో చేత్తో పట్టుకుని. ముఖం పాలిపోయి ఉంది. బుగ్గన ఉన్న వక్కాకు నీళ్ళలోకి ఉమ్మింది.

"అమ్మా, కూర్చో, పడతావు," అన్నాడు కువాంగ్.

"నువ్వుండరా," అంది ఆవిడ. తర్వాత నాకేసి చూసింది. "నాకు మీ పాటలు రావు వదినా. నాట్లప్పుడు వంగి పాడుకునేదొకటి వచ్చు. పనికొస్తదా?"

"పాడు," అన్నాను.

మైకు అందించబోయిన పాటగాణ్ని మోచేత్తో తోసేసింది. ఆవిడ గొంతు బొంగురు. రాగం నడుం వంచినవాళ్ళ రాగం, ముక్క ముక్కకూ ఊపిరి తీసుకునేది.

"ఇంటి వెనక పెద్దమడి, గట్టు పక్కన మా ఆయన,
ఆయన పక్కన ఉంది చోటు, అది నాకని ఉంచాను.
ముందు పోయేది నేను, వరస మీరితే ఒప్పుకోను,
నా పక్కన పడుకుంటుంది, నా కోడలు కాదు, కూతురు."

యాత్రికుల ఓడ మీద ఫోన్లెత్తిన చేతులు దిగిపోయాయి, వాళ్ళకేం అర్థమైందో ఏమో. జవాబు బాగుంటే ఎత్తిపొడవడానికి ఒక ముక్క, బాగులేకపోతే తిట్టడానికి ఒక ముక్క దాచుకున్నాను. రెండూ ఎటు పోయాయో తెలియదు.

గామ్ ఇంకా కూర్చోలేదు. "ఇంకోటుంది. ఇది పాట కట్టడం రాక మాటల్లో చెప్తున్నా," అంది. "ఆ రోజు నువ్వు నీళ్ళు చూపించావు, పిల్ల తల్లి ఇక్కడుందని. ఇంటికెళ్ళాక నాకు అన్నం దిగలేదు. మొన్న నాట్లేసేటప్పుడు ఆ పిల్ల చోటు దాటాక మూలన ఇంకో చోటు నాటెయ్యకుండా వదిలేశాను. మనిషి లేకపోతేనేం, పేరు రాసిన రాయి పెట్టి మట్టి పోగు చెయ్యొచ్చు. సముద్రంలో పోయినోళ్ళకి మా వైపు అలాగే చేస్తారు. కూతురు అగరొత్తులు గుచ్చుకోడానికి మట్టి ఉండాలిగా. నీకిష్టమైతే మీ చెల్లెల్ని కూడా మా ఇంటికి తీసుకుపోతాను."

"అందుకా," అన్నాడు కువాంగ్. వాడి కోపమంతా ఎటో పోయింది. "అందుకా ఆ మూల నాటెయ్యొద్దన్నావు? బంగారంలాంటి మూల బీడు పెట్టావని నెల్లాళ్ళు నీతో పోట్లాడాను కదమ్మా."

"పోట్లాడితే చెప్తానా? ముందు పిల్లనిచ్చేవాళ్ళని అడగాలిగా," అంది గామ్.

నేనప్పుడు చూశాను. బండ నెత్తి ఇంకా తేలలేదు. దాని మీద నీళ్ళు నా అరచెయ్యి మందం ఉన్నాయి. తాడు వదిలేశాను. అది మెల్లగా మునిగిపోయింది. నా చెల్లెలు పోయిన నాడు రాని ఏడుపు అప్పుడొచ్చింది, ఊరంతా చూస్తుండగా, విదేశాలవాళ్ళు చూస్తుండగా. లువా నా పడవలోకి దూకి నన్ను కావలించుకుంది. థిన్ తన పడవలో లేచి నిలబడి రెండు చేతులెత్తి గామ్‌కు దణ్ణం పెట్టాడు. మా పడవల్లో తెడ్ల దరువు మొదలైంది, కొండలు దాన్ని అందుకుని తిరిగి కొట్టాయి. అంత చప్పుడు వుంగ్‌కో ఎన్నడూ వినలేదు.

కానీ మోటారు పడవ దాటడానికి నీళ్ళు చాలవు. డ్రైవరు అడుగు గీసుకుంటుందని మొండికేశాడు. పెళ్ళివారంతా వెదురు పడవల్లోకి దిగాలి. దియెన్ దిగాడు, కువాంగ్ దిగాడు, పంది కూడా దిగింది. గామ్ మాత్రం అంచున నిలబడి, కింద ఊగుతున్న నా పడవను చూసి గజగజలాడింది.

"నేనిక్కడే ఉంటా. మీరెళ్ళి కానిచ్చుకోండి," అంది.

"గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా పోతావా వదినా?"

"నాకు ఈత రాదు."

"అయితే ఇంకేం," అన్నాను. "ఈత రానివాళ్ళకి మా ఊళ్ళో ఏం చేస్తామో తెలుసా?"

మునిగిన తాడు పైకి లాగాను. నడిమి ముక్క ముడులు విప్పాను. ఏళ్ళ తరబడి పెట్టెలో ఉన్నా మెత్తగా ఉంది, లువా పళ్ళు కొత్తగా వచ్చినప్పుడు కొరికిన గాట్లు ఇంకా ఉన్నాయి. దాన్ని గామ్ నడుముకు చుట్టి, బిడ్డకు వేసే ముడే వేశాను. రెండో కొస నా నడుముకు కట్టుకున్నాను.

"గట్టిగా వెయ్యి," అంది ఆవిడ కళ్ళు మూసుకుని.

"తెగదు. దీంతో నీ కోడలంతటి అల్లరిదాన్ని ఆపాం."

దిగింది. గుమ్మం బండ మీదుగా నేనే తెడ్డు వేసి తీసుకెళ్ళాను. సరిగ్గా బండ మీదికి వచ్చాక పడవ ఆపి, "ఇదే గుమ్మం," అన్నాను. గామ్ ఒక కన్ను తెరిచి నీళ్ళలోకి చూసింది. అంత భయంలోనూ వంగి, కాళ్ళకున్న చెప్పులు విడిచి చేత్తో పట్టుకుంది. మిగతా దారంతా ఉత్తికాళ్ళతోనే కూర్చుంది.

పెళ్ళి ఎలా జరిగిందో చెప్పక్కర్లేదు. తిన్నారు, తాగారు, థిన్ బియ్యపు సారా పుచ్చుకుని జీవితంలో మొదటిసారి పాట పాడాడు. పొద్దు వాలకముందే పిల్లను తీసుకుని బయల్దేరారు. రేవు దాకా సాగనంపడానికి మా పడవలన్నీ వెంట వెళ్ళాయి.

రేవు మెట్ల మీద ఆడవాళ్ళు ఇప్పటికీ గంపలతో కూర్చుంటారు. నన్ను కుక్కపిల్ల అన్నవాళ్ళ కూతుళ్ళూ కోడళ్ళూ. పెళ్ళి పడవ చూసి అందరూ లేచారు. లువా తూలుకుంటూ మెట్లెక్కింది, దియెన్ పట్టుకున్నాడు. వాళ్ళ వెనక గామ్ దిగింది. నేల మీద కాలు పడగానే ఆవిడ నడక మారిపోయింది. వీపు నిటారుగా, అడుగు గట్టిగా. నడుముకు మాత్రం తాడు ఇంకా అలాగే ఉంది, నా నడుము నుంచి విప్పిన కొస వెనకాల మెట్ల మీద జీరాడుతోంది.

"వదినా, తాడు," అన్నాను వెనకనుంచి, విప్పబోతూ.

ఆవిడ నా చెయ్యి పక్కకు తోసింది. అప్పటికే గంపల దగ్గరున్న ఒకావిడ పక్కదాన్ని పొడిచి, నవ్వుతూ, "ఏంటమ్మా పెద్దామె, ఆ పడవలోళ్ళు నిన్ను కూడా కట్టేశారా?" అంది.

గామ్ ఆగింది. వరి సీమ పెద్దరైతు పెళ్ళాం, సొంత మళ్ళున్న మనిషి, మెట్ల మధ్యలో నిలబడి, ఆ తాడు కొసను పైకి తీసి భుజాన వేసుకుంది.

"అవును. మా వియ్యపురాలు కట్టింది," అంది, రేవంతా వినేలా. "మా ఇంట్లో మనవడు పుడితే వాడికీ ఇదే కడతాను."